ఇవ్వదగిన పద్యం: ప్రణయ కవితల ఎంపికలో బోద్ధవ్య విచారం

తెలుగునాట అత్యధికంగా చేతులు మారిన ప్రణయపద్యం ఏదన్న ప్రశ్నకు సమాధానం ప్రబంధాల్లోనో భావకవుల ఖండకావ్యాల్లోనో వెదకనక్కరలేదు. బహుశా అది పెళ్లి శుభలేఖల మీద ఉంటుంది. సీతారాముల తలంబ్రాలను వర్ణించే ఆ సంస్కృత శ్లోకంలో ముత్యాలు జానకి దోసిట్లో ఉన్నంతసేపు కెంపుల్లా, రాముని తలమీద పడగానే మొల్లపూలలా, అతని నల్లని మేని మీదుగా జారేటప్పుడు ఇంద్రనీలాల్లా కనిపిస్తాయి. ఇద్దరు మనుషుల తొలి స్పర్శను ఇంత సున్నితంగా చెప్పిన పద్యాలు తక్కువ. ఒకే వస్తువు మొదట ఆమె రంగును, తరువాత అతని రంగును పుచ్చుకుంటుంది. అయితే ఆ శ్లోకాన్ని శుభలేఖకు ఎంపిక చేసినది సాధారణంగా వధువూ కాదు, వరుడూ కాదు. పెద్దలు, ముద్రణాలయం, ఆనవాయితీ కలిసి చేసిన ఎంపిక అది. అంతకన్న గమనించదగినది దాని వాక్యనిర్మాణం. ఆ ముత్యాలు శుభం కలిగించాలని శ్లోకం కోరుకునేది వధూవరులకు కాదు, చదువరులకు. అంటే పెళ్లికి పిలుపందుకున్న బంధుమిత్రులకు. ఇద్దరి మధ్య నడిచిన ప్రణయఘట్టం మూడో పక్షానికి ఆశీర్వచనంగా అందుతోంది.

ఈ చిన్న విషయం మన ప్రణయ కవిత్వానికంతటికీ వర్తించే ఒక పెద్ద ప్రశ్నను ముందుకు తెస్తుంది. ప్రేమించిన మనిషికి ఒక పద్యాన్ని ఎంచి ఇవ్వాలనుకున్నవారికి తెలుగు కవిత్వం ఏమి సమకూరుస్తుంది? శృంగార రసానికి ఇంత విస్తారమైన సాహిత్యం, ఇంత సూక్ష్మమైన లక్షణచర్చ ఉన్న భాషలో ఈ ప్రశ్న తేలికది కావాలి. కాని ఆచరణలో అది తేలికగా లేదు. సాహిత్యం చదువుకున్నవారు సైతం ఆ అవసరం వచ్చినప్పుడు సినిమా పాటను ఆశ్రయించడం అందరమూ చూస్తున్నదే. దీన్ని అభిరుచి పతనంగా భావించి పక్కన పెట్టడం సులభం. ఆ ఎంపిక వెనుక ఒక కావ్యశాస్త్ర కారణం ఉన్నదని, దానిని మన విమర్శ పట్టించుకోలేదని ఈ వ్యాసం ప్రతిపాదన.

మనం తరగతిలో ప్రణయ పద్యాన్ని వివరించే పద్ధతి సాధారణీకరణ భావన మీద నిలిచినది. భట్టనాయకుడు చెప్పిన ఆ వ్యాపారంలో దుష్యంతుని రతి దుష్యంతునిదిగా మిగలదు, సహృదయునిదిగానూ మారదు. దేశకాల వ్యక్తి సంబంధాలు సడలి ఆస్వాదయోగ్యమవుతుంది. పద్యాన్ని చదవడానికి ఇంతకన్న మంచి వివరణ నాకు తెలియదు. కాని పద్యాన్ని ఇవ్వడం దీనికి సరిగ్గా ఎదురు దిశలో సాగే పని. ఎవరిదీ కాకుండా పోయిన భావాన్ని మళ్లీ ఒకరిదిగా, ఒకరికోసంగా మార్చడమది. దీనిని విశేషీకరణం అనవచ్చు. ఒక పద్యం సాధారణీకరణలో ఎంత సిద్ధి పొందినా, తిరిగి విశేషీకరణకు లొంగకపోవచ్చు. గొప్ప ప్రణయ కవిత, ఇవ్వదగిన ప్రణయ కవిత ఒకటే కావలసిన అవసరం లేదన్నమాట. ఈ రెంటినీ ఒకటిగా భావించడం వల్లనే ఎంపికలు తరచు గురి తప్పుతాయి.

విశేషీకరణకు లక్షణశాస్త్రంలో ఆధారం లేకపోలేదు. కావ్యప్రకాశం మూడవ ఉల్లాసంలో మమ్మటుడు ఆర్థీవ్యంజనకు కారణాలను లెక్కించాడు. వక్త ఎవరు, బోద్ధవ్యుడు ఎవరు, కాకువు ఎలాంటిది, వాక్యమూ వాచ్యార్థమూ ఏమిటి, మూడో మనిషి సన్నిధి ఉన్నదా, ప్రస్తావం ఏది, దేశమేది, కాలమేది అన్న వాటిని బట్టి అదే మాటకు వేరు వేరు వ్యంగ్యార్థాలు పుడతాయి. మమ్మటుని ఉద్దేశం పద్యం లోపలి వక్త, లోపలి బోద్ధవ్యుడు. కాని పద్యం ఒక చేతి నుంచి మరొక చేతికి వెళ్లినప్పుడు దానికి రెండో వక్త, రెండో బోద్ధవ్యుడు ఏర్పడతారు. లోపలి జంటకూ బయటి జంటకూ ఎక్కడ కుదిరింది, ఎక్కడ కుదరలేదు అన్నదే ఎంపికలోని అసలు సమస్య. పద్యం అందంగా ఉందా అన్నది ఆ తరువాతి మాట.

క్షేత్రయ్య పదాలు ఈ సమస్యకు మంచి గీటురాయి. పదిహేడవ శతాబ్దపు ఈ పదకర్తను ఎంచుకోవాలన్న కోరిక సహజం. శృంగారంలో ఆయన చూసినంత లోతును తెలుగులో మరొకరు చూశారని చెప్పడం కష్టం. అయితే పదంలో మాట్లాడేది ఎవరో, ఎవరితోనో ముందు చూసుకోవాలి. చాలా పదాల్లో నాయిక మాట్లాడుతున్నది చెలికత్తెతో. మువ్వగోపాలుడు అక్కడ లేడు. అతని గురించిన ముచ్చట అది, అతనితో జరిగినది కాదు. అటువంటి పదాన్ని తీసుకువెళ్లి ప్రియుని చేతికి ఇస్తే, చెలితో చెప్పుకొన్న మాటను అతడు చాటుగా విన్నట్లు అవుతుంది. ఒక్కోసారి అదే కావలసిన ఫలితం కావచ్చు. నేరుగా చెప్పలేనిదాన్ని చాటుగా వినిపించడం కూడా ప్రణయంలో ఒక పద్ధతే. కాని అది తెలిసి చేయవలసిన పని.

ఇంతకన్న ముఖ్యమైనది అవస్థ. భరతుని నాటి నుంచి వస్తున్న అష్టవిధ నాయికా విభాగాన్ని మన పాఠ్యపుస్తకాలు ఒక పట్టికగా చెప్పి వదిలేస్తాయి. వాసకసజ్జిక, విరహోత్కంఠిత, స్వాధీనభర్తృక, కలహాంతరిత, ఖండిత, విప్రలబ్ధ, ప్రోషితభర్తృక, అభిసారిక అని విద్యార్థులు కంఠస్థం చేస్తారు. గమనిస్తే ఈ విభాగం స్త్రీల స్వభావాలది కాదు, ఒక సంబంధం ఒకానొక రోజున ఏ స్థితిలో ఉన్నదన్న దానిది. ఒకే నాయిక వారం రోజుల్లో ఎనిమిది అవస్థల్లోనూ ఉండవచ్చు. పదాభినయం చేసే నర్తకికి ఈ విషయం తెలుసు. ఏ పదం చేపట్టినా నాయిక ఏ అవస్థలో ఉన్నదో తేల్చుకోకుండా ఆమె అడుగు వేయదు. పద్యాన్ని ఇచ్చేవారికీ అదే మొదటి పని. ఖండిత పదంలో సంగీతం ఎంత మధురమైనా, అది రాత్రంతా మరొకచోట గడిపి తెల్లవారి వచ్చినవాణ్ణి నిలదీసే మాట. దానిని ఏ తప్పూ చేయని మనిషికి ఇస్తే అది అభియోగమవుతుంది. తప్పు చేసిన మనిషికి ఇస్తే క్షమాపణకు అవకాశమవుతుంది. అక్షరం మారలేదు, ప్రస్తావం మారింది. కలహాంతరిత పదం దీనికి భిన్నం. కోపంతో పంపేసి, పంపేసినందుకు వగచే నాయిక మాట అది. పోట్లాట తరువాత ఇవ్వడానికి మొత్తం శృంగార సాహిత్యంలో దానికి సాటి వచ్చేది లేదని నా అభిప్రాయం. పాత లక్షణకర్తల పట్టికను ఎంపికకు పనికివచ్చే సూచికగా చదివితే దాని ప్రయోజనం మనకు కొత్తగా తెలుస్తుంది.

క్షేత్రయ్య విషయంలో మరొక చిక్కున్నది. ఆయన నాయికల్లో పలువురు వేశ్యలు. రాక ఆలస్యమైనందుకు వచ్చే కోపంలో ప్రేమ ఎంతో, బేరం ఎంతో విడదీయలేని పదాలున్నాయి. ఏ.కె. రామానుజన్, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలిసి 1994లో తెచ్చిన అనువాద సంపుటి ఈ విషయాన్ని పేరులోనే చెప్పి, దేవుణ్ణి విటునిగా చూపింది. భక్తిపరమైన వ్యాఖ్యానం ఈ బేరాన్ని జీవాత్మ పరమాత్మల సంబంధంగా మార్చి దాచివేసింది. ఇద్దరు సమానుల మధ్య చేతులు మారవలసిన కవితలో మాత్రం అది దాగదు. ఎవరు ఎవరికి ఏమి బాకీ అన్న లెక్క పదం అట్టడుగున వినిపిస్తూనే ఉంటుంది. ఆ లెక్కను ఎదుర్కోగల జంటకు ఈ పదాలు నిజాయితీ గల కానుకలు. మొహమాటస్తులకు కావు.

ఎంపిక ఎవరి చేతిలో ఉన్నదన్న ప్రశ్నను పద్దెనిమిదవ శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాధికాసాంత్వనం మరింత సూటిగా అడుగుతుంది. రాధ తాను పెంచిన ఇళను కృష్ణునికిచ్చి పెళ్లి చేసి, ఆ తరువాత తానే కుమిలిపోతుంది. కావ్యం పేరులో ఉన్న ఊరడింపు ఆమెకు కృష్ణుడు చేసేది. ఇది స్త్రీ రాసిన, స్త్రీ కోరికను మొహమాటం లేకుండా చెప్పిన కావ్యం. బెంగుళూరు నాగరత్నమ్మ దీనిని 1910లో పరిష్కరించి ప్రకటించినప్పుడు, ఏది చదవదగినదో నిర్ణయించే పనిని ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుని కావ్యాన్ని నిషేధించింది. అంతకు ముందే వీరేశలింగం కవయిత్రిని నిందించి ఉన్నారు. శృంగార కావ్యాన్ని పండితుడు చదవవచ్చు, ప్రభువు వినవచ్చు. ఒక స్త్రీ తనకు నచ్చి మరొకరికి అందిస్తే అది నేరం. నాగరత్నమ్మ చేసినది ఆ అందించడమే.

మూడో మనిషి సన్నిధి గురించి ఒక్క మాట. విక్రమోర్వశీయం రెండవ అంకంలో ఊర్వశి భూర్జపత్రం మీద ప్రణయలేఖ రాసి పురూరవునికి అందజేస్తుంది. విదూషకుని అజాగ్రత్త వల్ల ఆ ఆకు గాలికి కొట్టుకుపోయి రాణి ఔశీనరి చేతిలో పడుతుంది. పద్యం అదే. ఊర్వశి చేతిలో అది సాహసం, పురూరవుని చేతిలో ఆనందం, రాణి చేతిలో సాక్ష్యం. తలంబ్రాల ముత్యాలు రంగు మారినట్లే ఇదీ మారింది, కాకపోతే ఈసారి మూడో చేతికి వెళ్లింది. ఉమ్మడి కుటుంబాల్లో, వసతిగృహాల్లో పెరిగిన మనకు ఈ అంకాన్ని వివరించి చెప్పనక్కరలేదు.

ఇక తెలుగులో ఒక జంట కోసం, ఒక తగవు తీర్చడానికి పుట్టిందని లోకం నమ్మిన కావ్యం ఒకటి ఉన్నది. అది నంది తిమ్మన పారిజాతాపహరణం. కృష్ణదేవరాయలకు రాణి మీద కోపం వచ్చిందని, పడుకున్న ఆమె పాదాలు రాయల చిత్రపటం వైపు ఉండటమే అందుకు కారణమని, ఆమె పుట్టింటి నుంచి అరణపు కవిగా వచ్చిన తిమ్మన ఆ కోపాన్ని తీర్చడానికి ఈ కావ్యం రచించాడని ఐతిహ్యం. వివరాలు చెప్పేవారిని బట్టి మారుతుంటాయి. దీనికి చారిత్రక ప్రమాణం లేదని సాహిత్య చరిత్రకారులు కొట్టివేయడం న్యాయమే. కాని ఒక కావ్యం గురించి ఒక సమాజం ఏ కథను కల్పించుకొన్నదన్నది కూడా విమర్శకు ఆధారమే. ఈ కథను కల్పించినవారికి కావ్యోపయోగం గురించి ఒక స్పష్టమైన అవగాహన ఉన్నది.

ఆ అవగాహన ఏమిటో కావ్యకథే చెబుతుంది. నారదుడు తెచ్చిన పారిజాతాన్ని కృష్ణుడు అప్పుడు పక్కనున్న రుక్మిణికి ఇస్తాడు. వార్త సత్యభామకు చేరుతుంది. పువ్వు విలువ కాదు ఆమెను బాధించింది, ఇవ్వడంలోని ఎంపిక. ఆ విధంగా ఇది కానుక ఎంపిక తప్పినప్పుడు ఏమవుతుందో చెప్పే కావ్యం కూడా. కృష్ణుడు కోపగృహానికి వచ్చి పాదాల మీద వాలితే సత్య ఎడమకాలితో ఆ తలను తోసివేస్తుంది. కృష్ణుడు అవమానపడడు, తన మేని గగుర్పాటు ముల్లై ఆమె కోమలమైన పాదానికి నొప్పి కలిగించిందేమోనని దిగులుపడతాడు. ఐతిహ్యంలోని నేరం పటం వైపు చాచిన పాదం. కావ్యంలో అంతకన్న ఎంతో పెద్ద నేరం సాక్షాత్తు దేవుని తలకు తగిలిన పాదం. రాణి ప్రస్తావన లేదు, పటం ప్రస్తావన లేదు, సలహా లేదు. కృష్ణుని పేరు పెట్టుకొన్న రాజు కృష్ణుని ప్రవర్తనను వింటూ తన కోపాన్ని తానే తూచుకోవాలి.

కావ్యప్రయోజనాల్లో కాంతాసమ్మితమైన ఉపదేశాన్ని మమ్మటుడు లెక్కించిన సంగతి తెలిసినదే. వేదం ప్రభువులా ఆజ్ఞాపిస్తుంది, పురాణం మిత్రునిలా నచ్చచెబుతుంది, కావ్యం ప్రియురాలిలా మనసు కరిగించి దారికి తెస్తుంది అని మనం తరగతిలో పోలికగా చెబుతాం. ఈ ఐతిహ్యంలో ఆ పోలిక అక్షరాలా నిజమైంది. మాట్లాడవలసిన కాంత మాట్లాడలేని స్థితిలో ఉన్నది, కావ్యం ఆమె బదులు మాట్లాడింది. ఇవ్వదగిన పద్యానికి ఇక్కడ ఒక లక్షణం దొరుకుతుంది. అది ఇద్దరి మధ్య ఉన్న విషయాన్ని చెప్పదు, దాని పక్కన నిలబడుతుంది. మన గొడవనే ఉన్నదున్నట్లు చెప్పే పద్యం దొరికితే అది పద్యంగా కాక ఫిర్యాదుగా అందుతుంది. అలాగని మరీ దూరంగా ఉంటే చదివినవారు దానిని తమకు అన్వయించుకోరు. తిమ్మన ఆ దూరాన్ని ఒక పాదం పొడవున ఉంచాడు.

తెలుగు కావ్యానికి ఇవ్వడం కొత్త కాదన్న సంగతి కూడా ఇక్కడే గుర్తు చేసుకోవాలి. కృతిని కన్యగా, అంకితం తీసుకొన్నవానిని కృతిభర్తగా భావించిన సంప్రదాయం మనది. ఆశ్వాసాద్యంతాల్లో కృతిపతిని పేరుపెట్టి పిలిచే పద్యాలు నియమంగా ఉంటాయి. పారిజాతాపహరణానికి కృతిపతి రాయలే కాబట్టి ఐతిహ్యంలోని బోద్ధవ్యుడూ కృతిపతీ ఒకరే అయ్యారు. కాని ఈ మర్యాద అంతటిలోనూ కావ్యం కన్య అయినది, ఇచ్చేది కవి, పుచ్చుకొనేది ప్రభువు. ఇద్దరు ప్రేమికుల మధ్య ఏ ప్రభువూ లేకుండా ఒక పద్యం మారకం కావడానికి ఆ పాత వివాహం రద్దు కావలసి వచ్చింది. ఆ పని ఇరవయ్యో శతాబ్దం చేసింది.

భావకవిత్వం ప్రణయానికి ప్రభువును తొలగించి ప్రేయసిని నిలిపింది. ఎంపికకు అంతకన్న అనువైన కాలం లేదనిపిస్తుంది. నిజానికి అక్కడే కష్టం ఎక్కువ. రాయప్రోలు అమలిన శృంగారం ప్రణయాన్ని దేహం నుంచి విడదీసింది. తృణకంకణంలో ప్రేమ పెళ్లికి చేరక స్నేహంగా శేషిస్తుంది, గడ్డిపోచల కంకణం దానికి గుర్తవుతుంది. ఇంత ఉదాత్తమైన కావ్యాన్ని ప్రేమించిన మనిషికి ఇస్తే దాని అర్థం వీడ్కోలు. కృష్ణశాస్త్రి కృష్ణపక్షంలో, ఊర్వశిలో ప్రేయసి ఎప్పుడూ లేని మనిషి. ఆమె రాకపోవడం ఆ కవితకు ప్రాణం. వస్తే కవిత ఆగిపోతుంది. అందువల్ల ఎదుట ఉన్న మనిషికి ఆ ఖండికను ఇవ్వడమంటే, ఆ మనిషిని లేనిదానిగా ఊహించుకొంటున్నానని చెప్పడం. దానిని అందుకొన్నవారు పొందే గౌరవంలో ఒక చలి ఉంటుంది. తాము కేవలం నిమిత్తమని, కవికి కావలసింది తన దుఃఖమని అర్థమవుతుంది. కృష్ణశాస్త్రి మీద అభిమానం తగ్గకుండానే ఈ మాట అనవచ్చు. చదువుకోవడానికి ఆయన, ఇవ్వడానికి మరొకరు.

దీనికి తోడు పేర్లు. ఊర్వశి, బాపిరాజు శశికళ, నాయని వత్సల. ఒక్కొక్క కవికి ఒక్కొక్క ప్రేయసి. ఈ పేర్లు ఆ కవితకు గుర్తింపు తెచ్చాయి, కాని మరొకరి చేతికి వెళ్లేటప్పుడు మధ్యలో అడ్డు నిలుస్తాయి. శశికళ మీద రాసిన పాటను మరొక పేరుగల అమ్మాయికి ఇవ్వడం, పాత ఉత్తరంలో పేరు కొట్టివేసి పంపినట్లుంటుంది. ఎంకికి మాత్రం ఈ దోషం అంటలేదు. నండూరి సుబ్బారావు 1925లో ప్రకటించిన ఆ పాటల్లో పేరు ఉండటమే కాక, ఆ పేరు పిలిచే గొంతు, పలికే గొంతు రెండూ ఉన్నాయి. నాయుడుబావ మాట్లాడతాడు, ఎంకీ మాట్లాడుతుంది. ఇద్దరికీ ఒక ఊరు, ఒక పని, ఒక పొలంగట్టు ఉన్నాయి. పాట పుచ్చుకొన్నవారు బదులుగా మరో పాట ఇవ్వగలరు. ఏకపక్షంగా సాగే భావకవితలో ఈ వీలు లేదు. ఎంకిలోని యాసను నగరవాసులు అరువు తెచ్చుకోవడంలో కొంత నటన ఉంటుందన్న అభ్యంతరం సరైనదే. అలాగే ‘బావ’ అన్న పిలుపు మేనరికపు లోకానిది. కులాన్ని దాటి ప్రేమించుకొన్న జంటకు అది సొంత మాట కాకపోవచ్చు. అయినా ఇద్దరు మాట్లాడే పాటకు ఉన్న విలువ వీటివల్ల తగ్గదు.

సినిమా పాట ఎందుకు గెలిచిందన్నది ఇప్పుడు చెప్పవచ్చు. 1951లో బి.ఎన్. రెడ్డి తీసిన మల్లీశ్వరికి పాటలు రాసినది ఈ కృష్ణశాస్త్రే. కృష్ణపక్షంలో ముఖం లేని ప్రేయసికి బదులు ఇక్కడ ఆయనకు మల్లి, నాగరాజు అనే ఇద్దరు మనుషులు దొరికారు. ఒకరికి ఎదురుగా మరొకరు. ఒక మంటపం, ఒక వాన రాత్రి, మారువేషంలో వచ్చిన రాయలు, పెద్దన. ఎడబాటు ఇక్కడా ఉన్నది, కాని అది కవి స్వభావం నుంచి వచ్చినది కాదు, అంతఃపుర పల్లకి తెచ్చినది. వక్త, బోద్ధవ్యుడు, ప్రస్తావం, దేశం, కాలం అన్నీ కథలో అమరిపోవడంతో ఆ పాటలు విశేషీకరణకు సిద్ధంగా ఉన్నాయి. వినేవారు తమ ప్రస్తావాన్ని కథాప్రస్తావంతో పోల్చుకొంటే చాలు. మమ్మటుడు లెక్కించిన వాటినన్నిటినీ సినిమా కథ ఉచితంగా సమకూర్చింది. ఖండకావ్యం ఆ పనిని చదువరికి వదిలేసింది. జనం పాటను ఎంచుకోవడం కవిత్వం తెలియక కాదు.

ఎంపికలో భాషాపరమైన ఒక విషయం ఇంతవరకు తగినంత చర్చకు రాలేదు. తెలుగు క్రియలో ఉత్తమ, మధ్యమ పురుషలకు లింగభేదం లేదు. ‘వచ్చాను’, ‘వచ్చావు’ అన్నవి ఎవరు ఎవరితోనైనా అనవచ్చు. ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అన్న ప్రథమపురుషలోనే తేడా బయటపడుతుంది. హిందీలో, ఉర్దూలో మాట్లాడేవారి లింగం క్రియలోనే తెలిసిపోతుంది. ఉర్దూ గజల్ ప్రియవ్యక్తిని పుంలింగంలో చెప్పే మర్యాదను పాటించింది. తెలుగులో నేను, నీవు అన్న రెంటి మధ్య నడిచే కవితకు ఆ ఇబ్బందే లేదు. దాశరథి, నారాయణరెడ్డి గజల్‌ను తెలుగులోకి తెచ్చినప్పుడు ఈ వెసులుబాటు కూడా దానికి దక్కింది. పురుషుడు రాసినదాన్ని స్త్రీ ఇవ్వవచ్చు, స్త్రీ రాసినదాన్ని పురుషుడు ఇవ్వవచ్చు. స్త్రీ స్త్రీకి, పురుషుడు పురుషునికి ఇచ్చినా వాక్యం అడ్డుపడదు. అయితే ఈ స్వేచ్ఛ క్రియలకే. నామం విధేయమైన చోట లింగం బయటపడుతుంది: ‘పేదవాణ్ణి’, ‘పేదదాన్ని’, ‘అందగాడివి’, ‘అందగత్తెవు’. అందుకే పొగడ్త మీద నిలిచిన కవిత ఒక్క రకమైన జంటకే అమరుతుంది. చూడటం, ఎదురుచూడటం, మరచిపోవడం వంటి పనుల మీద నిలిచిన కవిత చాలామందికి అమరుతుంది. ప్రబంధాల్లోని ఆపాదమస్తక వర్ణనలు ఇవ్వడానికి పనికిరాకపోవడానికి వాటి అతిశయోక్తి ఒక్కటే కారణం కాదు. అవి నామాల కవిత్వం. అంతేకాదు, వాటిలో నాయికకు వినే అవకాశం లేదు, కవి ఆమెను మనకు చూపిస్తున్నాడు.

మర్యాద విషయం దీనికన్న సున్నితమైనది. గురజాడ ‘కాసులు’లో భర్త భార్యతో నేరుగా మాట్లాడతాడు. స్త్రీపురుషుల మధ్య కపటంలేని స్నేహం ఉండాలని చెప్పిన ఆ గేయం ఆ కాలానికి విప్లవమే. ఎదుట ఉన్న మనిషితో, ఇంటి విషయం ఆధారంగా మాట్లాడటం వల్ల దానికి భావకవిత్వంలో లేని వెచ్చదనం ఉన్నది. కాని దాని స్వరం ఉపదేశం. కాంతాసమ్మితం తలకిందులై ఇక్కడ కాంతకే పాఠం చెబుతోంది. భర్త భార్యకు ఇస్తే ఆమె నవ్వి ఊరుకోవచ్చు. భార్య భర్తకు ఇస్తే మాత్రం గేయం రూపు మారుతుంది. అదే మాట ఆమె నోట హక్కు అడిగినట్లుంటుంది. నా దృష్టిలో ‘కాసులు’కు అది ఉత్తమ వినియోగం.

రేవతీదేవి శిలాలోలిత 1981లో వచ్చింది. అందులో చెలికత్తె లేదు, దేవుడు లేడు, పేరు తగిలించిన ప్రియుడు లేడు. స్త్రీ నేనుగా, ఎదుటి మనిషి నీవుగా, మధ్యలో ఏ తెరా లేకుండా కవిత నడుస్తుంది. పై చర్చ ప్రకారం ఇంతకన్న ఇవ్వదగిన సంపుటి ఉండకూడదు. కాని ఆ కవితలు ఎదుటివారిని అడిగేది చాలా ఎక్కువ. అర్ధమనస్కమైన ప్రేమను అవి సహించవు. తీసుకొన్నవారు జవాబు చెప్పవలసి ఉంటుంది, ఆ జవాబు మరో కవిత కాకపోవచ్చు. ఆ సాహసం చేసేవారు పద్యాన్ని కాక తమనే ఇస్తున్నారని గుర్తించి ఇవ్వాలి.

పాత పదాల్లో ఒక చిన్న ప్రత్యయం గురించి చెప్పి విరమిస్తాను. నాయిక మువ్వగోపాలుణ్ణి పిలిచేటప్పుడు క్రియ చివర ‘రా’ చేరుస్తుంది. దేవుడైనా, ప్రభువైనా, చనువు అంతటిది. నిన్నమొన్నటి దాకా ఎన్నో తెలుగు ఇళ్లలో భార్య భర్తను పేరుతో పిలవలేదు. ‘ఏమండీ’ అన్నది, ‘మీరు’ అన్నది. అదే ఇల్లాలు పాట నేర్చుకొన్నదైతే, సాయంకాలం వంటగది పని ముగించి పదం ఎత్తుకొన్నప్పుడు, పక్కగదిలో ఉన్న మనిషిని ‘రా’ అని పిలిచింది. ఆమె ఎంచుకొన్నది రాగాన్నేనని ఇంట్లో అందరూ అనుకొన్నారు.